వెట్టి, కుష్ఠు, కనాను: గోదావరి ఒడ్డు దళిత వాడల్లో బైబిలును ఎలా చదివారు

బాసర జ్ఞాన సరస్వతి గుడికి ఏ రోజు వెళ్లినా ఒడిలో పిల్లల్ని కూచోబెట్టుకున్న తల్లిదండ్రులు కనిపిస్తారు. పలక, బలపం, పళ్లెంలో బియ్యం, అందులో పిల్లవాడి వేలు పట్టి దిద్దించే తొలి అక్షరం. వసంత పంచమినాడైతే వరస రోడ్డు దాకా వస్తుంది. అదే ఊళ్లో 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో ఇవాళ పల్లెల నుంచి వచ్చిన మాల, మాదిగ, నేతకాని పిల్లలు ఇంజనీరింగ్ చదువుతున్నారు. వాళ్లలో చాలామంది ముత్తాతల కాలంలో ఇదే గోదావరి ఒడ్డున అక్షరం వాడ లోపలికి రాలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర అది రావడం మొదలైనప్పుడు, వచ్చిన దారుల్లో ఒకటి మిషన్ బడి. ఆ బడితో పాటు చాలా వాడల్లోకి వచ్చిన తొలి అచ్చు పుస్తకం బైబిలు.

ఆ పుస్తకాన్ని వాడ ఎలా అర్థం చేసుకుంది, దేనికి వాడుకుంది, ఎవరు ఏ వచనాన్ని ముందుకు తెచ్చారు, ఏ వచనాన్ని దాటవేశారు అన్నది ఈ వ్యాసం విషయం. మాది మత ప్రచారం కాదు, మత ఖండన కూడా కాదు. కులం మీద పని చేసే పరిశోధకులుగా మాకు ఈ ప్రశ్న ముఖ్యం. ఎందుకంటే బైబిలు వ్యాఖ్యానం ఇవాళ చర్చి గోడల మధ్యే ఉండిపోలేదు, కుల ధ్రువపత్రం దాకా, కోర్టు తీర్పు దాకా వచ్చింది.

చదివిన పుస్తకం కన్నా విన్న పుస్తకం

పదహారో శతాబ్దంలో లూథర్ మొదలుపెట్టిన సంస్కరణ ఉద్యమం, విశ్వాసానికి అంతిమ ప్రమాణం లేఖనమేనని, దాన్ని ప్రతి విశ్వాసీ తన భాషలో చదువుకోవాలని చెప్పింది. కతోలిక సంఘం లేఖనంతో పాటు సంప్రదాయాన్నీ, సంఘాధికారపు బోధననూ కలిపి చూస్తుంది. 1962-65 మధ్య జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాతే అక్కడ సామాన్యుల చేతికి బైబిలు విస్తారంగా వచ్చింది. ఉత్తర తెలంగాణలో ఈ రెండు పాయలూ ఉన్నాయి. మెదక్, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు పని చేశారు. వాళ్ల సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. ఆదిలాబాద్‌కు 1999లో చాందా నుంచి విడదీసి సీరో మలబార్ కతోలిక మేత్రాసనం ఏర్పడింది. గత కొన్ని దశాబ్దాల్లో వీటికి బయట లెక్కలేనన్ని స్వతంత్ర ప్రార్థనా మందిరాలు వచ్చాయి.

కానీ వాడలో బైబిలు చాలాకాలం చదివిన పుస్తకంగా కన్నా విన్న పుస్తకంగానే బతికింది. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదక్ అధ్యక్ష మండలంలోని వాడియారం ప్రాంత పల్లె సంఘాలను అధ్యయనం చేసి 1968లో పుస్తకంగా తెచ్చారు. తెలంగాణ గ్రామీణ క్రైస్తవం మీద ఇప్పటికీ అంత దగ్గరగా చూసిన పుస్తకాలు తక్కువ. అందులో కనిపించే క్రైస్తవులు మాల, మాదిగ కూలీలు. కీర్తనలూ కథలే వాళ్ల బైబిలు. జబ్బు చేస్తే ప్రార్థన చేయించుకుంటారు, ఊరి దేవత కొలుపులోనూ భాగం పంచుకుంటారు. మిషనరీలకు ఇది సగం మార్పుగా, అపరిపక్వ విశ్వాసంగా కనిపించింది. మాకు అలా అనిపించదు. చదవడం రానివాళ్లు వేదాంతం చెయ్యలేరన్న ఊహలోనే ఒక కుల వాసన ఉంది. డప్పు మీద, భజనలో, రాత్రి కాలక్షేపంలో కథ విన్నవాళ్లు తమకు తగిన చోట ఆగుతారు, తగని చోటును జారవిడుస్తారు. వ్యాఖ్యానం అంటే అదే కదా.

వెట్టి అన్న ఒక్క మాట

అనువాదం ఎవరు చేశారన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్‌లలో రెండోవాడికి సువార్తల అనువాదంలో సాయపడిన ఆనందరాయర్ బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాడు. 1818లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అప్పటి నుంచి స్థిరపడిన బైబిలు తెలుగు పండితుల తెలుగు: యాజకుడు, బలిపీఠము, ప్రాయశ్చిత్తము, ప్రోక్షించుట, ప్రతిష్ఠించుట. గుడి గడప తొక్కనివ్వని వాళ్లకు ఆ గుడి మాటల్లోనే దేవుడు పరిచయమయ్యాడు. దీనికి రెండు వైపులున్నాయి. పెద్దల భాష తమ నోట పలకడం ఆ తరానికి గౌరవం. అదే సమయంలో శుద్ధి, అశుద్ధి, బలి, అర్చకత్వం అన్న చట్రం కూడా ఆ మాటలతో పాటు లోపలికి వచ్చింది.

అయితే ఆ పండిత భాష మధ్యలో కొన్ని చోట్ల వాడ భాష తగులుతుంది. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో ఫరో ఇశ్రాయేలీయుల చేత చేయించే పనికి తెలుగు బైబిలు వాడిన మాట వెట్టి. నిజాం రాజ్యంలో దొర గడికి పిలుపొస్తే పోవాల్సిన వెట్టి మాదిగకూ వెట్టి మాలకూ ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. చెప్పులు కుట్టివ్వడం, చచ్చిన గొడ్డును మోయడం, సర్కారు మనుషులు ఊళ్లోకి వస్తే సామాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరి దాకా నడవడం, కూలి అడిగితే దెబ్బలు. ఐగుప్తు ఎక్కడో లేదు, గడి అరుగు మీదే ఉంది. దేవుడు వెట్టి చేసేవాళ్ల మొర విన్నాడనీ, చేయించేవాడి పక్షాన లేడనీ చెప్పే కథకు ఏ వ్యాఖ్యాత సాయమూ అక్కర్లేకపోయింది.

ఇదే ఎరుకను వేదాంత కళాశాలలోకి తెచ్చినవాడు అరవింద్ నిర్మల్. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో ఆయన ఇచ్చిన ప్రసంగం దళిత వేదాంతానికి మొదలుగా చెబుతారు. అప్పటికి ఆయన దాన్ని శూద్ర వేదాంతం అన్నాడు, దళిత అన్న పేరు తర్వాత స్థిరపడింది. భారతీయ క్రైస్తవ వేదాంతం అంతవరకు ఉపనిషత్తులతో, అద్వైతంతో సంభాషణే పనిగా పెట్టుకుందనీ, సంఘంలో ఎక్కువమంది దళితులే అయినా వాళ్ల బాధ అందులో లేదనీ ఆయన ఫిర్యాదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో పంట తొలి ఫలం తెచ్చిన రైతు తన పూర్వీకుడు దిక్కులేని సంచారి అని ఒప్పుకుంటూ చెప్పే మాటలను ఆయన దళితుల విశ్వాస ప్రమాణంగా చదివాడు. మనం ఎవరమో దాచుకోకుండా చెప్పుకోవడం దగ్గరే విశ్వాసం మొదలవుతుందన్నది ఆ చదువు సారం. ఇంటిపేరు చెప్పడానికి వెనకాడే మా హాస్టల్ తరం విద్యార్థులకు ఈ పాయింట్ వెంటనే తగులుతుంది.

ఆదిలాబాద్‌లో కనాను ఎవరు?

నిర్గమ కథ ఎర్ర సముద్రం దాటగానే అయిపోదు. యెహోషువ గ్రంథంలో అదే జనం కనాను దేశంలోకి దిగి అక్కడున్నవాళ్లను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెడతారు. 1989లో ఓసేజ్ ఆదిమ జాతికి చెందిన అమెరికన్ రచయిత రాబర్ట్ అలెన్ వారియర్ ఒక వ్యాసంలో దీన్నే ఎత్తి చూపాడు: విముక్తి వేదాంతులు నిర్గమాన్ని చదివేటప్పుడు కనానీయుల వైపు నుంచి ఎందుకు చదవరు? అమెరికాకు వచ్చిన తెల్లవాళ్లు తమను ఇశ్రాయేలుగానూ, అక్కడివాళ్లను కనానీయులుగానూ చూసుకున్నారు కదా అని.

ఆదిలాబాద్ జిల్లాలో కూర్చుని ఈ ప్రశ్నను తప్పించుకోవడం కుదరదు. ఇది గోండుల, కొలాముల నేల. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయింది భూమి, అడవి, నీటి మీద హక్కు అడిగినందుకు. బయటి నుంచి వచ్చినవాళ్లకు దేవుడే నేల రాసిచ్చాడన్న కథ ఆదివాసీ చెవిలో ఎలా వినిపిస్తుంది? వెట్టి నుంచి విడుదల అడిగే దళితుడికి ఇశ్రాయేలు తనే. భూమి పోగొట్టుకున్న గోండుకు ఇశ్రాయేలు పట్టాదారు. ఒకే పుస్తకంలో ఈ రెండూ ఉన్నాయి. దళిత వేదాంతం మొదటి దాని మీద పెట్టిన శ్రద్ధ రెండో దాని మీద పెట్టలేదన్నది మా అభిప్రాయం.

కొత్త నిబంధనలో కనాను మళ్లీ ఒకసారి వస్తుంది, ఈసారి ఒక ఆడమనిషి రూపంలో. బిడ్డ జబ్బు నయం చెయ్యమని యేసు వెంటపడిన ఆమెను మార్కు సురోఫెనికయ స్త్రీ అంటాడు, మత్తయి మాత్రం కనాను స్త్రీ అంటాడు. పిల్లల రొట్టె కుక్కలకు వెయ్యడం తగదని యేసు ఆమెతో అంటాడు. ఆమె వెనక్కి తగ్గకుండా, బల్ల కింది ముక్కలు కుక్కలకూ దక్కుతాయి కదా అని ఎదురు జవాబిస్తుంది, పని సాధించుకుంటుంది. పీఠం మీది నుంచి దీన్ని వినయానికి ఉదాహరణగా చెప్పడం రివాజు. కుక్క అన్న తిట్టు నిజంగా పడ్డవాళ్లు దీన్ని వినయంగా వినరు. మాటకు మాట చెప్పి దేవుడి కుమారుడి నిర్ణయాన్నే మార్పించిన స్త్రీగా వింటారు. దళిత స్త్రీవాద వ్యాఖ్యాతలు ఈ కథ దగ్గర ఎక్కువసేపు ఆగింది అందుకే.

డిచ్‌పల్లి: వచనం ఆసుపత్రి అయినప్పుడు

బాసర నుంచి గోదావరి దాటి నిజామాబాద్ మీదుగా పోతే డిచ్‌పల్లి. 1915లో స్కాట్లాండ్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి పెట్టారు. నిజామాబాద్‌కు చెందిన నర్సాగౌడ్ దానికి పెద్ద విరాళం ఇచ్చారు. అప్పట్లో ఉన్న మందు చాల్మూగ్రా జాతి నూనె ఇంజెక్షన్లే. రోగి ఏ కులమైనా ఊరి బయటికే పోయేవాడు. రోగి మాల మాదిగ అయితే వెలి రెండింతలు.

లేవీయకాండము 13, 14 అధ్యాయాలు చర్మం మీద పొడ కనిపించినవాణ్ణి యాజకుడు పరీక్షించి పాళెం వెలుపలికి పంపాలంటాయి. అతను తాను అపవిత్రుణ్ణని అరుస్తూ తిరగాలి. మార్కు మొదటి అధ్యాయంలో యేసు అలాంటివాణ్ణి చెయ్యి చాపి ముట్టుకుంటాడు. ఈ రెంటిలో దేన్ని పట్టుకుంటారన్న దాన్ని బట్టే గేటు మూసే చర్చి, ఆసుపత్రి కట్టే చర్చి వేరవుతాయి. డిచ్‌పల్లి రెండో చదువు.

కానీ ఇక్కడ అనువాదం చేసిన నష్టం ఒకటి ఉంది. హీబ్రూలో ఉన్న మాట ఇవాళ మనం కుష్ఠు అనే రోగానికి పేరు కాదు. అదే మాటను ఆ అధ్యాయాల్లో బట్టల మీద, ఇంటి గోడల మీద వచ్చే మచ్చలకు కూడా వాడారు. రకరకాల పొడలకు అది ఉమ్మడి పేరు. తెలుగులో దాన్ని కుష్ఠు అనడంతో, పాపానికి శిక్షగా వచ్చే రోగం అన్న ముద్ర ఒక నిజమైన జబ్బు మీద పడింది. 1981 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో పూర్తిగా నయమవుతున్న జబ్బు గురించి కొన్ని మందిరాల్లో ఇంకా పాపానికి పోలికగా ప్రసంగిస్తున్నారు. వినేవాళ్లలో ఆ జబ్బు వచ్చి తగ్గినవాళ్లు ఉంటారన్న ఆలోచన కూడా లేకుండా.

దళిత వ్యాఖ్యానానికి కూడా ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. లేవీయుడు అంటే బ్రాహ్మణుడు, యూదుల శుద్ధి నియమం అంటే మనుధర్మం అని సూటిగా సమీకరించడం ప్రసంగంలో బాగా పేలుతుంది. లూకా 10లో దెబ్బలు తిని పడున్నవాణ్ణి చూసి పక్కకు తప్పుకున్న యాజకుడు మైల భయంతోనే పోయాడని చెప్పేస్తాం. అయితే దిక్కులేని శవం దారిలో కనిపిస్తే ప్రధాన యాజకుడైనా సరే పాతిపెట్టాల్సిందేనని యూదుల మిష్నా చెబుతుంది. అంటే ఆ యాజకుడు తన ధర్మాన్ని పాటించినవాడు కాదు, తప్పినవాడు. యూరపులో వందల ఏళ్లు హింస పడ్డ యూదులను మన కథలో పీడకుల వేషం వేయించడం సులువు, న్యాయం మాత్రం కాదు. ఆ కథలో మనం పట్టుకోవాల్సింది సమరయుడి కులం. యూదులు చీదరించుకునే జాతి మనిషి కథానాయకుడయ్యాడు. యోహాను 4లో బావి దగ్గర నీళ్లడిగిన యేసుకు ఆ స్త్రీ గుర్తు చేసేదీ ఇదే: మీరు మేము కలవం కదా అని. హోటల్లో రెండు గ్లాసులు చూసినవాళ్లకు ఆ బావి కొత్తగా అనిపించదు.

పౌలు పత్రికలు, ఎవరి చేతిలో?

లోబడడం నేర్పడానికి ఎక్కువగా వాడింది పౌలు పేరున్న పత్రికలను. దాసులు యజమానులకు విధేయులై ఉండాలనీ, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలనీ, అధికారులకు లోబడాలనీ చెప్పే భాగాలు వాటిలో ఉన్నాయి. 1807లో లండన్‌లో కరీబియన్ దీవుల బానిసల కోసం అచ్చు వేసిన బైబిలులో నిర్గమకాండపు విడుదల కథను తీసేశారు, దాసుడూ స్వతంత్రుడూ అన్న తేడా లేదనే గలతీ 3:28నీ తీసేశారు. విధేయత వచనాలను ఉంచారు. ఏది ప్రమాదకరమో యజమానులకు బాగా తెలుసు. అమెరికా నల్లజాతి వేదాంతి హవర్డ్ థుర్మన్ 1949లో రాసిన పుస్తకంలో తన అమ్మమ్మ గురించి చెప్పాడు. బానిసగా పుట్టిన ఆమె మనవడి చేత బైబిలు చదివించుకునేది, పౌలు పత్రికలను మాత్రం చాలావరకు చదవనిచ్చేది కాదు. యజమాని పెట్టిన బోధకుడు వాటినే చదివేవాడని. అక్షరం రాని మనిషి చేసిన గ్రంథ విమర్శ అది.

మన దగ్గర 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ అయ్యారు. అదే తిమోతి పత్రికను చూపించి ఆడవాళ్లను ప్రసంగ పీఠం ఎక్కనివ్వని మందిరాలు ఇప్పటికీ ఉన్నాయి, కుర్చీలు నింపేది, కానుక సంచి నింపేది ఆడవాళ్లే అయినా.

కానుక అంటే దశమభాగం మాట కూడా చెప్పాలి. రోజు కూలీ మీద పదో వంతు ఇవ్వకపోతే దేవుణ్ణి దోచినట్టేనని మలాకీ గ్రంథం చూపిస్తారు. ద్వితీయోపదేశకాండము 14 చివర, మూడేళ్లకోసారి ఆ పదో వంతును ఊళ్లోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేని పిల్లలు, విధవరాండ్రు తృప్తిగా తినాలని ఉంది. దాని మీద ప్రసంగం వినడం అరుదు. ఏడాది మొదటి రాత్రి చేతికొచ్చే వాగ్దాన కార్డును మేము ఎగతాళి చెయ్యం. మైక్రోఫైనాన్స్ కిస్తీ కట్టలేని మనిషిని ఆ ఒక్క వచనం ఏడాదంతా నిలబెట్టవచ్చు. అప్పు తీరకపోతే అది నీ విశ్వాసలోపమే అన్నప్పుడు మాత్రం ఆ వచనం కిస్తీ వసూలు చేసేవాడి పక్షం చేరుతుంది.

అంబేడ్కర్ దీన్నే ముందుగా పట్టుకున్నాడు. మతం మారిన అంటరానివారి గురించి రాసిన వ్యాసాల్లో, మిషనరీ బోధ దళితుడి దుస్థితికి కారణాన్ని అతని పాపంలో చూపించింది తప్ప అతని చుట్టూ ఉన్న సామాజిక అన్యాయంలో చూపించలేదని విమర్శించాడు. క్రైస్తవులయ్యాక కూడా కులం పోలేదనీ, అన్యాయం మీద వాళ్లు గొంతెత్తడం లేదనీ అన్నాడు. మాల సంఘం, మాదిగ సంఘం విడివిడిగా కూచునే చోట, పెళ్లి మాట వస్తే ఇద్దరూ కులం అడిగే చోట ఆ విమర్శకు ఇంకా జవాబు రాలేదు. కొరింథు సంఘంలో ఉన్నవాళ్లు ముందే తిని లేనివాళ్లను ఆకలితో ఉంచినందుకు పౌలు తిట్టిన తిట్లు ప్రభువు బల్ల ఆదివారం ప్రతిసారీ చదువుతారు. స్వపరీక్ష చేసుకోమన్న మాటను వ్యక్తిగత పాపాల జాబితాగా మార్చేసి, తిండి దగ్గర చూపిన తేడాను మరిచిపోతారు.

గలతీ 3:28 కోర్టుకు వెళ్లిన దారి

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. 1985లో సూసై కేసులో, మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష ఉందని నిరూపించే సమాచారం లేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ఈ హోదా ముడి తెంచమంది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో ఇంకో కమిషన్ వేశారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారికి దక్కేది బీసీ-సీ కింద ఒక శాతం. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో, రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడైన పాస్టర్ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ అడగలేడంది.

ఈ వాదనలన్నిటి వెనక ఒక వ్యాఖ్యానం ఉంది: క్రైస్తవంలో కులం లేదు కదా. గలతీ 3:28 ఎలా ఉండాలో చెప్పిన వాక్యం. దాన్ని ఎలా ఉందో చెప్పిన వాక్యంగా చదివారు. తన్నేవాడు బాప్తిస్మ పత్రం చూసి తన్నడు. ఆ మాటకొస్తే మన చర్చి పెద్దలే ఏళ్ల తరబడి మాలో కులం లేదని గర్వంగా చెప్పి ఈ వాదనకు బలమిచ్చారు.

ధ్రువపత్రంలో హిందూ మాల లేదా హిందూ మాదిగ అని రాయించుకుని ఆదివారం మందిరానికి పోయేవాళ్లను రెండు వైపుల నుంచీ దొంగలంటున్నారు. ఈ విషయంలో రెండు భాగాలను చర్చకు పెట్టాలని మాకనిపిస్తుంది. ఈ అన్వయం మాది, ఒప్పుకోకపోవచ్చు. రెండవ రాజుల గ్రంథం 5లో కుష్ఠు నయమైన సిరియా సేనాపతి నయమాను, ఇకపై ఇశ్రాయేలు దేవుణ్ణే కొలుస్తాననీ, అయితే ఉద్యోగరీత్యా రాజుతో కలిసి రిమ్మోను గుళ్లో తల వంచాల్సి వస్తుందనీ, అది క్షమించాలనీ అడుగుతాడు. ప్రవక్త ఎలీషా అతన్ని కపటి అనడు, నెమ్మదిగా వెళ్లమంటాడు. రెండోది అపొస్తలుల కార్యములు 22. కొరడాలతో కొట్టబోతున్నప్పుడు పౌలు పరలోక పౌరసత్వం గురించి ప్రసంగించలేదు. రోమా పౌరుణ్ణి విచారణ లేకుండా కొట్టే అధికారం మీకుందా అని శతాధిపతిని అడిగాడు. కొట్టడానికి వచ్చినవాళ్లు ఆ మాటతో వెనక్కి తగ్గారు.